భర్త గల్ఫ్‌లో, సెలవు నెలన్నర: సంతానం కోసం డాక్టరును ఎప్పుడు కలవాలి?

ప్రశ్న: నాకు 31, ఆయనకు 35. మాది జగిత్యాల దగ్గర పల్లె. పెళ్లై నాలుగేళ్లు. ఆయన మస్కట్‌లో హోటల్ వంటగదిలో పనిచేస్తారు, ఏడాదికోసారి నెలన్నర సెలవు మీద వస్తారు. నాకు నెలసరి ఒక్కోసారి రెండు నెలలకు గానీ రాదు. స్కానింగులో అండాశయాల్లో నీటి బుడగలు (పీసీఓడీ) ఉన్నాయన్నారు. ఒక ఆసుపత్రిలో నేరుగా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) చేయించుకోమన్నారు. ఆయనకు ఏ పరీక్షా రాయలేదు. అత్తయ్య లోపం నాదే అంటున్నారు. సంక్రాంతికి ఆయన వస్తున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (సంతాన సాఫల్య విభాగంలో నర్సు): చెల్లెమ్మా, ముందు ఆ నాలుగేళ్ల లెక్క పక్కన పెట్టండి. గర్భనిరోధక సాధనాలేవీ వాడకుండా ఏడాదిపాటు కలిసి ఉన్నా నెల తప్పకపోతేనే సంతానలేమి అంటారు. మీరిద్దరూ కలిసి ఉన్నది అంతా కూడితే ఆరు నెలలే.

అలాగని ఆగమని చెప్పను. ఏడాది గడువు నెలసరి సక్రమంగా వచ్చేవారికి. రెండు నెలలకోసారి వస్తుంటే అండం సరిగా విడుదల కావడం లేదనే అనుమానించాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, 40 దాటితే వెంటనే వెళ్లాలి. గతంలో టీబీ వచ్చినా, నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నా, భర్తకు వృషణాల ఆపరేషన్ జరిగినా, గవదబిళ్లలప్పుడు వృషణాలు వాచినా వయసుతో, గడువుతో పని లేదు. మన దేశంలో టీబీ వల్ల గర్భవాహికలు మూసుకుపోవడం అరుదేమీ కాదు. దగ్గు లేకుండానే జరుగుతుంది.

ఆయన వచ్చేలోపే మీ వైపు పరీక్షలు ముగించండి: థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్, షుగర్, అండాల నిల్వ తెలిపే ఏఎంహెచ్. ట్యూబుల (గర్భవాహికల) ఎక్స్‌రే నెలసరి ఆగిన తర్వాతి కొద్ది రోజుల్లోనే తీస్తారు కాబట్టి తేదీ ముందే అడగండి. నీటి బుడగలున్నంత మాత్రాన ఐవీఎఫ్ అక్కర్లేదు. బరువు ఎక్కువుంటే కాస్త తగ్గడం, అండం విడుదలకు మాత్రలు, స్కానింగుతో గమనించడం ముందు మెట్లు. ట్యూబులు రెండూ మూసుకుపోతేనో, శుక్రకణాలు మరీ తక్కువుంటేనో ఐవీఎఫ్ మాట రావాలి. ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇప్పటి నుంచే వేసుకోండి.

జవాబు (దోహాలో పనిచేసే సభ్యుడు): అమ్మా, ఆయన్ని అక్కడే వీర్య పరీక్ష చేయించుకోమనండి. అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండి ఇవ్వాలి, అంతే. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఆడమనిషిని నాలుగు ఆసుపత్రులు తిప్పాక చివర్లో మగవాడికి చవకైన పరీక్ష రాసే పద్ధతి నాకు అర్థం కాదు.

ప్రశ్న అడిగినవారు: ‘నాకేం, బాగానే ఉన్నాను’ అంటున్నారు అన్నయ్యా. పొయ్యిల దగ్గరి వేడికి ఏమైనా అవుతుందా? ఫోనులో యాప్ చెప్పే రోజులు నమ్మవచ్చా?

జవాబు (దోహా సభ్యుడు): సంసారం బాగా సాగడానికి, కణాల సంఖ్యకు సంబంధం లేదని చెప్పండి. నా నంబరు ఇస్తాను, నేనే మాట్లాడతాను.

జవాబు (నర్సు): వేడి వల్ల సంఖ్య తగ్గవచ్చు. గుట్కా, సిగరెట్టు, కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లూ అంతే. కణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది. సంక్రాంతికి ఫలితం కావాలంటే మార్పు దసరాకే మొదలవ్వాలి. మిల్లీలీటరుకు శుక్రకణాలు 1.6 కోట్లకన్నా తక్కువ వచ్చినా కంగారుపడకుండా మళ్లీ పరీక్షించాలి. తక్కువే ఉంటే వేరికోసిల్ (వృషణాల దగ్గరి సిరలు ఉబ్బడం) ఉందేమో యూరాలజిస్టు చూస్తారు.

యాప్ మీకు పనికిరాదు. నెలసరి క్రమం లేనివారికి అది వేసే లెక్క ఊహే. మూత్రంతో చూసుకునే అండం కిట్లు కూడా నీటి బుడగలున్నవారికి తప్పుగా చూపించవచ్చు. స్కానింగే నయం. లేదంటే రెండు మూడు రోజులకోసారి కలిసినా చాలు, శుక్రకణం అయిదు రోజుల దాకా బతుకుతుంది.

సెలవులో కుదరకపోతే ఆయన వెళ్లేముందు వీర్యం నిల్వచేయించి, తర్వాత ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతికి) వాడవచ్చు. ఇద్దరి సంతకాలూ కావాలి. 2021 ఏఆర్‌టీ (సంతాన సాఫల్య చికిత్సల) చట్టం కింద నమోదైన కేంద్రమేనా కాదా అడిగి, ధ్రువపత్రం చూసి డబ్బు కట్టండి.