వర్లీ బీడీడీ చాల్స్ అన్నీ పోవాల్సిందేనా, ఒక్కటైనా ఉంచాలా?

సిరిసిల్ల_మనవడు:
ముంబై వర్లీలో బీడీడీ చాల్స్, అంటే కార్మికుల కోసం కట్టిన ఒంటి గదుల పాత భవనాలు, కూల్చి టవర్లు కడుతున్నారు కదా. మా తాత కరీంనగర్ వైపు నుంచి మిల్లు పనికి పోయి అక్కడే ఒక గదిలో ఉన్నాడు, మా నాన్న చదువు కూడా అక్కడే సాగింది. మొన్న ఇంట్లో ఈ మాట వస్తే మా బాబాయి "ఆ కొంపలో ఏముందని, పోతే పోనీ" అన్నాడు. ముంబైలోనే ఓవల్ మైదానం పక్కన ఉన్న 1930ల అపార్ట్‌మెంట్లకు 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ చాల్స్ వాటికంటే ముందువి. అందం లేదు, నిజమే. అలాంటి భవనానికి వారసత్వ విలువ ఉందని ఎలా వాదించాలి? లేక ఇదంతా నా సెంటిమెంటేనా?

కట్టడాలు_చూస్తా:
సెంటిమెంట్ కాదండీ. 1920లో గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (అదే బీడీడీ) పెట్టి, కార్మికుల కోసం 50 వేల గదులు కడదామనుకున్నారు. ఖర్చుకి నగరంలోకి వచ్చే పత్తి బేలు మీద రూపాయి చొప్పున పన్ను వేశారు. అంటే మిల్లుల్ని నడిపిన పత్తి మీద వచ్చిన డబ్బే ఆ గోడల్లోకీ వెళ్లింది. చివరికి వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీ అన్నీ కలిపి 207 భవనాల దగ్గర ఆగింది, అందులో 121 వర్లీలోనే. అప్పటికి మన దేశంలో కాంక్రీటు ఇంకా కొత్త, దాంతో కార్మికులకు ఇంత పెద్ద ఎత్తున ఇళ్లు కట్టడం మామూలు విషయం కాదు. 1930ల్లో శాసనోల్లంఘన ఉద్యమం సాగుతుంటే వర్లీలో కొన్ని చాల్స్‌ని జైలుగా కూడా వాడారు. ముంబైలో 1995 నుంచి ఉన్న వారసత్వ నిబంధనల్లో అందం ఒక్కటే చూడరు, చరిత్ర, సంస్కృతి కూడా లెక్కలోకి వస్తాయి. పరేల్‌లో అంబేద్కర్ ఏళ్ల తరబడి ఉన్నది బీఐటీ (బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్) చాల్‌లోనే కదా, దాన్ని చూసేవాళ్లు శిల్పం కోసం చూడరు.

వర్లీ_కోడలు:
నేను పెళ్లయి ఆ చాల్‌లోకే వచ్చాను. మొత్తం కాపాడాలి అని బయటివాళ్లు అంటే ఒళ్లు మండుతుంది. ఒక్కో గది 160 చదరపు అడుగులు, అంతస్తుకు 20 గదులు, మరుగుదొడ్లు అందరికీ కలిపి ఒకచోట. కడుపుతో ఉన్నా, జ్వరమొచ్చినా పొద్దున్నే బకెట్ పట్టుకుని లైన్లో నిలబడాల్సిందే. వానాకాలంలో స్లాబు పెచ్చులు ఊడిపడేవి, తుప్పు పట్టిన కడ్డీలు బయటికి కనిపించేవి, కింద పిల్లల్ని పడుకోబెట్టాలంటే భయం. కొత్త ఇల్లు 500 చదరపు అడుగులు, బాత్రూం సొంతం. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత తాళాలు ఇచ్చారు. దానికి ఎవరూ అడ్డు పడకూడదు.

కానీ నడవా సంగతి చెప్పాలి. అటు పది గదులు, ఇటు పది గదులు, మధ్యలో పొడుగ్గా నడవా, పగలు కూడా లైటు కావాలి. మిల్లులు నడిచే రోజుల్లో ఒక్కో గదిలో పదిమంది మగవాళ్లు ఉండేవాళ్లట. రాత్రి పాళీ వాళ్లు వచ్చేసరికి పగటి పాళీ వాళ్లు లేచి చాప ఖాళీ చేయాలి, చోటు చాలకపోతే నడవాలోనే పడక, మా మామగారు చెప్పేవారు. తర్వాత కుటుంబాలు వచ్చాక అదే నడవాలో మేం బతుకమ్మ పేర్చాం, నేను డ్యూటీకి పోతే ఎదురు గది మరాఠీ ఆవిడ తన పిల్లలతో పాటే నా పిల్లలకూ అన్నం పెట్టింది. టవర్లో ఇల్లు వస్తుంది, నడవా రాదు. అందుకే అంటున్నా, ఒక్క భవనం ఉంచండి. అయితే అందులో ఎవరినీ కాపురం ఉండమనొద్దు.

పాత_కాగితాలు:
ఆవిడ మాటే నా మాట. ఒక గది బొమ్మ చేసి మ్యూజియంలో పెడితే సరిపోదు, మెట్లు, నడవా, గది మూలన మోరీ, ఆ మరుగుదొడ్ల వరస అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనీసం ఒక అంతస్తయినా మిగలాలి. కష్టం కనబడకుండా సున్నం కొట్టి పెడితే అది అబద్ధమవుతుంది. మన తెలుగువాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. 1982 ముంబై మిల్లుల సమ్మె తర్వాత చాలామంది ఊళ్లకు తిరిగొచ్చారు, కొందరు భివండీ మరమగ్గాల్లోకి పోయారు, ఆ తరం గురించి రాసిపెట్టింది చాలా తక్కువ. మీరు ఈలోపు తాతగారి అద్దె రసీదులు, మిల్లు కార్డు, రేషన్ కార్డు ఏమున్నా స్కాన్ చేయండి. మీ బాబాయితోనూ మాట్లాడించి రికార్డ్ చేయండి, కోపంగా చెప్పినా సరే, అదీ చరిత్రే.

సిరిసిల్ల_మనవడు:
కోడలుగారూ, మీ జవాబు నాన్నకు చదివి వినిపించాను. వాళ్లది మెట్ల పక్క గదట, పాళీ మారినప్పుడల్లా చెప్పుల చప్పుడుకి మెలకువ వచ్చేదట. రసీదులు అమ్మ పెట్టెలో ఉన్నాయి, ఈ వారం స్కాన్ చేస్తా. నడవా ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి.

వర్లీ_కోడలు:
నా దగ్గర బతుకమ్మ ఫోటోలు రెండు మూడు ఉన్నాయి, వెతికి పెడతా. మీ నాన్నగారిది ఏ నంబరు చాల్ అండీ?