లారీ స్టీరింగ్ 70 దగ్గర వణికితే ముందు చూడాల్సింది ఏది: అలైన్‌మెంటా, బ్యాలెన్సింగా, కింగ్‌పిన్నా?

పూతలపట్టు లోడ్డు:
ఆరు చక్రాల లారీ. ముందర 10.00ఆర్20 ట్యూబు టైర్లు, కొత్తగా వేసినవి. 60 దాకా ఏమీ ఉండదు. 65 దాటితే స్టీరింగ్ చేతుల్లో ఆడతాది, 75 దాటినాక కొంచెం తగ్గతాది. ఖాళీ బండైనా, లోడ్డున్నా అంతే. బ్రేకు తొక్కాల్సిన పనే లేదు. తిరుపతి రోడ్డులో నున్నగా ఉండే చోట కూడా వస్తాది కాబట్టి రోడ్డును అనేదానికి లేదు. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించినా పోలేదు. ఇప్పుడొకరు కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగేదానికి ఇరుసు చివర ఉండే పిన్ను) సెట్టు మొత్తం మార్చాలంటారు, ఇంకొకరు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమం చేయడం) చాలంటారు. డబ్బు పెట్టేముందు ఏ వరసలో చూడాల?

గాజులమండ్యం ఫిట్టర్:
అలైన్‌మెంట్‌తో పోదన్నా. టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) తేడా ఉంటే టైరు పక్కకు ఈడ్చుకుంటా పోతాది, రబ్బరు ఒక అంచున రంపం పళ్ల మాదిరి లేస్తాది. వణుకు ఆ అరుగుడు నుంచి రావాల్సిందే గానీ టో నుంచి నేరుగా రాదు. మీవి కొత్త టైర్లు కాబట్టి ఆ దారి కూడా లేదు. ఇంకోటి, కింగ్‌పిన్నూ, ముందు చక్రాలు రెండిటినీ కలిపే టై రాడ్ ఎండ్లూ వదులుగా ఉండగా కొలిచిన టో బండి కదిలినాక నిలవదు. అలైన్‌మెంట్ ఎప్పుడూ ఆఖరి పని.

మొదట వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు ఇరుసు జాకీతో లేపి, కింద స్టాండు పెట్టండి. ఉత్త జాకీ మీద మాత్రం వద్దు. టైరు కింద పలుగు పెట్టి పైకెత్తండి, తర్వాత పైనా కిందా పట్టి ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే ట్యాంకులో గాలి నిండుగా ఉంచి ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోయిందంటే అది హబ్ బేరింగుది. పోలేదంటే కింగ్‌పిన్ చుట్టూ ఉండే తొడుగు, అంటే బుష్షుది. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కింగ్‌పిన్ మార్చమనేవాళ్ల మాట వినాల్సిన పనిలేదు. టై రాడ్డు, డ్రాగ్ లింకు (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే కడ్డీ) చూసేటప్పుడు చక్రాలు నేలమీదే ఉండాల. ఇంజను స్టార్టులో పెట్టి ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొంచెంగా తిప్పుతా ఉంటే, కింద ఒకరు బాల్ జాయింట్లు చూడాల.

భాకరాపేట ఘాటు:
లారీకి బ్యాలెన్సింగ్ ఏందబ్బా? 80 దాటకుండా గవర్నర్ (వేగం ఆపే పరికరం) కట్టేసిన బండి ఇది, కారు కాదు. గ్రీజు సరిగ్గా కొట్టని బండ్లలో ముందు పోయేది కింగ్‌పిన్ బుష్షులే. సెట్టు మార్చితే ఇంకో రెండు మూడేళ్లు ఆ మాటే ఉండదు. బ్యాలెన్సుకని రిమ్ముకు సీసం ముక్కలు కడితే నాలుగు రోజులకు రాలిపోతాయి.

ఆటోమొబైల్ మాస్టారు:
80 తక్కువ వేగమేమీ కాదు. లెక్క వేసి చూడండి. ఈ టైరు ఎత్తు మీటరు పైచిలుకు. 80 వేగంలో సెకనుకు దాదాపు 7 చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 300 గ్రాముల తేడా ఉంటే ప్రతి చుట్టులోనూ సుమారు 15 కిలోల బరువంత బలం ఇరుసును గుంజుతుంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, కాబట్టి 40లో అది నాలుగో వంతే. 60 దాకా తెలియకపోవడానికి కారణం ఇదే. ఇక ముందు ఇరుసు, కమాను కట్టలు, స్టీరింగ్ లింకులు కలిపి చూస్తే వాటికంటూ ఒక సహజమైన ఊపు ఉంటుంది. చక్రం చుట్లు దానితో కలిసిన చోట వణుకు పెద్దదవుతుంది, ఆ వేగం దాటితే తగ్గుతుంది. 65కూ 75కూ మధ్య వచ్చి పోవడం అచ్చంగా ఈ లక్షణం.

కింగ్‌పిన్ వదులైతే వచ్చే జబ్బు వేరుగా ఉంటుంది. వంతెన జాయింటు మీదో గుంతలోనో ఒక దెబ్బ తగలగానే స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలై, వేగం బాగా తగ్గించేదాకా ఆగదు. అప్పుడు కింగ్‌పిన్, టై రాడ్ ఎండ్లతో పాటు క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే కింగ్‌పిన్ ముందుకో వెనక్కో వాలి ఉండే కోణం) కూడా చూడాలి. కమాను కట్టలు విప్పి బిగించినప్పుడు ఇరుసు మీది టేపర్ ప్లేటు తిరగబడినా, సెంటర్ బోల్టు తెగినా క్యాస్టర్ మారిపోతుంది. అయితే భాకరాపేట మాటను పూర్తిగా కొట్టేయను. బుష్షు వదులుగా ఉంటే చిన్న బ్యాలెన్సు తేడా కూడా స్టీరింగ్ దాకా పెద్దదై వస్తుంది.

పలమనేరు టైర్లు:
బ్యాలెన్సింగ్‌కు ముందు రన్‌అవుట్ (తిరిగేటప్పుడు చక్రం గుండ్రం తప్పి ఎగుడుదిగుడుగానో పక్కకో ఊగడం) చూడాలి. ఇది చాలాచోట్ల ఎవరూ చూడరు, అసలు జబ్బు మాత్రం ఇక్కడే ఉంటుంది. లేపిన చక్రం పక్కన స్టాండు మీద ఒక ఇనుప సూది కదలకుండా బిగించి, టైరు మెల్లగా తిప్పండి. ట్రెడ్డు మీద ఒకసారి, సైడ్‌వాల్ పక్కన ఒకసారి సందు కొలవండి. తేడా 2.5 మిల్లీమీటర్లు దాటితే సీసం కట్టి లాభం లేదు. ఎత్తుగా ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టి, చక్రం విప్పి, రెండు బోల్టులు జరిపి మళ్లీ వేయండి. ఎత్తు సుద్ద గుర్తుతో పాటే కదిలిందంటే తప్పు టైరుదో డిస్కు (టైరు ఎక్కే ఇనుప చక్రం)దో. హబ్‌లో పాతచోటే ఉందంటే హబ్ ముఖం, డ్రమ్ము చూడాలి. డిస్కు ఆనే చోట తుప్పు, పెయింటు పొర పేరుకున్నా ఇట్లాగే అవుతుంది, వైరు బ్రష్షుతో గీకాలి.

కొత్త టైర్లు వేశాక మొదలైందంటే నా అనుమానమంతా కూర్చోబెట్టడం మీదే. టైరు అంచు పక్కన చుట్టూ ఒక సన్న గీత ఉంటుంది. ఆ గీతకూ రిమ్ము అంచుకూ దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట పెరిగి ఒకచోట తగ్గితే బీడింగు (రిమ్ములో కూర్చునే టైరు అంచు) సరిగ్గా కూర్చోలేదు. తుప్పు, ఫ్లాప్ (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ) మడత, అంచుకు సబ్బు పూయకపోవడం దీనికి కారణాలు. టైరు మళ్లీ వేయాల్సిందే. ఇది టైరును విడి రింగుతో పట్టి ఉంచే రింగు డిస్కు గనక వాల్వ్ పిన్ను తీసి గాలి మొత్తం పోయాకే రింగు ముట్టాలి. గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టాలి, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. రింగు ఎగిరిందంటే మనిషి మిగలడు.

భాకరాపేట ఘాటు:
సరే, ఆ 300 గ్రాములు యాడనుంచి వస్తాయి? కంపెనీ టైరు అంత తేడాతో రాదు గదా.

పలమనేరు టైర్లు:
డిస్కు లోపలి వైపు గట్టిపడిన బురద చాలు, ముందు అది గీకి కడగండి. ఆపైన టైరు లోపలి పెద్ద ప్యాచి, ఫ్లాప్ మడత, బ్రేకు పట్టేసి ఒకచోట అరిగిన రబ్బరు. బ్యాలెన్సింగ్ మిషను మీద అర కిలో దాటి బరువు అడిగితే కట్టించుకోవద్దు, టైరు విప్పి చూడమనండి.

పైసా ఖర్చు లేని పరీక్ష ఇంకోటి. అదే సైజు, అదే రకం మంచి స్టెప్నీ ఉంటే ఎడమవైపు వేసి అదే రోడ్డులో 70లో చూడండి, తర్వాత కుడివైపు. ఏది మార్చితే వణుకు తగ్గిందో ఆ చక్రమే దొంగ.

పూతలపట్టు లోడ్డు:
స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగిస్తే వణుకు పోతాదని కూడా అన్నారు.

గాజులమండ్యం ఫిట్టర్:
ఆ పని చేయనీయకండి. వణుకు అట్లే ఉంటాది, చేతికి తెలియడం మాత్రం తగ్గతాది. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగినాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. మొగిలి ఘాటులో లోడ్డుతో దిగేటప్పుడు ఆ బండి తోలేవాడి పరిస్థితి ఆలోచించండి. అదే ఘాటు దిగినాక బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటే అది డ్రమ్ము గుండ్రం పోయిన లెక్క. మీ కేసు అది కాదు.

భాకరాపేట ఘాటు:
స్టెప్నీ పరీక్షకు ఒప్పుకుంటా. కానీ పలుగు పెట్టి ఎత్తినప్పుడు ఆట ఉంటే మాత్రం సెట్టు మార్చాల్సిందే, రెండు పక్కలా.

గాజులమండ్యం ఫిట్టర్:
ఆట ఉంటే మార్చాల, దాంట్లో వాదన లేదు. కొత్త బుష్షులు కొట్టినాక రీమరు (రంధ్రాన్ని సైజుకు నున్నగా కోసే పనిముట్టు) వేసి పిన్నుకు సరిపెట్టాల, లేదంటే స్టీరింగ్ బిగుసుకుంటాది. ఏ చక్రం విప్పినా నట్లు ఎదురెదురుగా, మాన్యువల్లో ఉండే టార్కుకు బిగించి, 100 కిలోమీటర్ల లోపల ఇంకోసారి టార్కు రెంచి పెట్టి చూడాల.