కనుమ నాటి క్వార్టరు: పదిహేనేళ్ల మెదడుకు అది మూడు రోజుల ముచ్చటేనా?

కాలువగట్టు (భీమవరం దగ్గర పల్లె), ముక్కనుమ పొద్దున

నిన్న మా ఊరి కోడిపందేల బరి వెనక కొబ్బరిచెట్ల కింద మా అక్క కొడుకు ప్లాస్టిక్ గ్లాసుతో కనబడ్డాడు. తొమ్మిదో తరగతి, పదిహేనేళ్లు. పక్కన వాడి బాబాయే ఉన్నాడు. రాత్రి తొమ్మిదింటికి ఇద్దరు కుర్రాళ్లు చెరో భుజం పట్టుకుని వాణ్ణి ఇంటికి తెచ్చారు. క్వార్టరు మందు మొత్తం గంటన్నరలో వాడొక్కడే తాగాడట. ఈ పొద్దున “గుండాట జూదం దగ్గర పది నిమిషాలు నాతో మాట్లాడావు కదరా” అంటే తెల్లమొహం వేశాడు. ఒక్క మాటా గుర్తులేదు. ఆ మొహం చూస్తే భయమేసింది.

మా బావేమో “పండగ మూడు రోజులే కదరా, మన తాతలు కల్లు తాగి సేద్యం చెయ్యలేదా” అంటాడు. ఈ గ్రూపులో మిమ్మల్నందర్నీ అడుగుతున్నది ఒక్కటే: ఆ వయసులో ఇలా ఒక్కపెట్టున తాగితే మెదడుకు నిలిచిపోయే దెబ్బ తగులుతుందా, తలనొప్పితో పోతుందా?

తాటితోపు (అమలాపురం వైపు)

మాది కల్లుగీత కుటుంబం. ప్రతిదానికీ కల్లును లాక్కురావడం నాకు నచ్చదండి. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులుస్తుంది. ఎంత పులిసినా క్వార్టరుతో పోలికే లేదు. మా తాత డెబ్భై దాటినా చెట్టెక్కాడు. ఊళ్లో సగం మంది చిన్నప్పుడు రుచి చూసినవాళ్లే. ఎవరికి పోయింది మతి? పిల్లల్ని భయపెట్టి మాన్పించాలనుకోవడం కూడా తప్పే.

గౌతమిపాయ (కాకినాడ, మానసిక వైద్యం)

తాటితోపు గారూ, కల్లు సంగతి మీరన్నది నిజం. అందుకే ముందు లెక్క చూద్దాం. క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. అమెరికాలో 14 గ్రాముల్ని ఒక డ్రింకుగా లెక్కిస్తారు. పెద్ద మగవాళ్లు రెండు గంటల్లో ఐదు తాగితే అది ‘బింజ్’. పద్నాలుగు, పదిహేనేళ్ల అబ్బాయికి నాలుగే చాలు, ఆడపిల్లకు మూడే. ఆ పిల్లాడు ఒక్క క్వార్టరుతోనే గీత దాటాడు. 2024 అక్టోబరు నుంచి మన రాష్ట్రంలో 99 రూపాయలకే క్వార్టరు దొరుకుతోంది. 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదన్న చట్టం బరి దగ్గర ఎవరికీ గుర్తుండదు.

ఆ పది నిమిషాలు వాడు ‘మరిచిపోలేదు’. రక్తంలో ఆల్కహాల్ ఒక్కసారిగా పెరిగితే మెదడులో జ్ఞాపకాలను నమోదుచేసే భాగం, హిప్పోకాంపస్, జరుగుతున్నదాన్ని రాసుకోవడం ఆపేస్తుంది. మనిషి నవ్వుతాడు, నడుస్తాడు, మాట్లాడతాడు. లోపల మాత్రం నమోదు లేదు. ఇక నుదుటి వెనక భాగం, అంటే తొందరను ఆపి ఆలోచింపజేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇరవై దాటి పాతికకు దగ్గరయ్యేదాకా ఎదుగుతూనే ఉంటుంది. తాత చెట్టెక్కే వయసుకు ఆయన మెదడు ముదిరింది. వీడిది ఇంకా కడుతున్న ఇల్లు.

సందేహి (పాలకొల్లు, ప్రస్తుతం హైదరాబాద్)

మెదడు ఎదుగుతోంది సరే, దెబ్బ తింటుందనడానికి రుజువేది? పదిహేనేళ్ల లోపు మొదలుపెట్టినవాళ్లలో దాదాపు 40 శాతం మంది తర్వాత తాగుడుకు బానిసలయ్యారనీ, ఇరవై దాటి మొదలుపెట్టినవాళ్లలో 10 శాతమేననీ 1997 నాటి అమెరికా సర్వే ఒకటి చెబుతారు. కానీ ముందునుంచే దుడుకుగా ఉన్న పిల్లలే ముందు తాగుతారేమో! యూరప్‌లో పిల్లల మెదడు స్కాన్‌లతో చేసిన ఇమాజెన్ అధ్యయనంలో కొన్ని తేడాలు తాగుడుకు ముందునుంచీ ఉన్నట్టే కనిపించింది.

గౌతమిపాయ

మంచి ప్రశ్న, దాన్ని దాటెయ్యను. కొంత తేడా ముందే ఉంటుంది. అందుకే ఎన్‌క్యాండా అనే అధ్యయనంలో 12 నుంచి 21 ఏళ్ల 831 మందిని తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికి మందు అలవాటు లేనివాళ్లే. 2012లో మొదలైంది, ఏళ్ల తరబడి స్కాన్‌లు తీశారు. తర్వాత గట్టిగా తాగడం మొదలెట్టినవాళ్లలో మెదడు ముందుభాగపు గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు పదార్థం, మిగతావాళ్లకన్నా వేగంగా తగ్గింది.

మనుషుల మీద చెయ్యలేని పరీక్ష ఎలుకల మీద చేశారు. ఎవరికి పొయ్యాలో పరిశోధకులే నిర్ణయించారు కాబట్టి ‘ముందే దుడుకు’ అన్న వాదం అక్కడ నిలవదు. కుర్రవయసులో విడతలు విడతలుగా ఆల్కహాల్ ఇచ్చి ఆపేసిన ఎలుకలు పెద్దయ్యాక దారి బాగానే నేర్చుకున్నాయి. దారి మారిస్తే మాత్రం పాతదాన్నే పట్టుకు వేళ్లాడాయి. అదే ప్రయోగశాలలో చక్రం మీద పరుగెత్తనిచ్చిన ఎలుకల్లో నష్టం తగ్గింది కూడా. కాబట్టి ‘అంతా అయిపోయింది’ అని పిల్లలకు చెప్పకండి, అది అబద్ధం. ఒక్క కనుమకే మెదడు పాడైందనీ నేననను. వాడు మళ్లీ తాగుతాడా అన్నదే నా భయం.

సందేహి

ఎలుకల మాట ఒప్పుకుంటాను. ఎలుకకు ఇచ్చిన మోతాదు మన కుర్రాడి పండగకు సమానమా అన్న సందేహం ఉంచుకుంటాను.

నరసాపురం అమ్మ

మా వాడు ఇంటర్‌లో మొదలెట్టాడు. వారం వారం, హాస్టల్లో. ఇప్పుడు ఇరవై నాలుగు. మానేసి ఎనిమిది నెలలు. పోటీ పరీక్షల పుస్తకంలో ఒకే పేజీని పెన్సిలుతో మూడుసార్లు గీస్తాడు, నాలుగోసారి కొత్తగా చదువుతున్నట్టు మొదలుపెడతాడు. మందు వల్లేనా అంటే నేను రుజువు చెయ్యలేను సార్. కానీ పదోతరగతిలో లెక్కలు నోటితో చేసేవాడు. ఆ రోజుల్లో “పెద్దయితే వాడే మానేస్తాడు” అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఈమధ్య పొద్దున్నే గట్టు మీద నడుస్తున్నాడు, రోజుకో పేజీ గుర్తుంటోందంటున్నాడు.

తాటితోపు

అమ్మా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. గెల వెయ్యని తాడికి మేం కత్తి పెట్టం. పదిహేనేళ్లో, ఇరవయ్యేళ్లో ఆగుతాం. పిల్లాడి విషయంలో అంత కూడా ఆగలేదన్నమాట. ఆయ్, మాట వెనక్కి తీసుకుంటున్నానండి, తాత సంగతి తప్ప.

కాలువగట్టు, అదే రోజు రాత్రి

ఇదంతా మా బావకు చదివి వినిపించాను. సీసా లెక్క దగ్గర మాత్రం “ఒక్క క్వార్టరేనా?” అని రెండుసార్లు అడిగాడు. వాడి బాబాయి ఇంకా ఒప్పుకోలేదు. రేపు మళ్లీ కూర్చుంటాం.

పిల్లాడు సాయంత్రం నా దగ్గరకొచ్చి, “నిన్న నేనేం మాట్లాడాను మామయ్యా?” అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: “సైకిలు అమ్మేసి కోడి మీద కాస్తానన్నావు.” వాడు ఇంకేమీ అడగకుండా పెరట్లోకి వెళ్లి, సైకిలు గోడకానించి ఉందో లేదో చూసుకుని వచ్చాడు.