సుత్తి కొడతాడు, బోరు కొడుతుంది

ఏటా జూన్ 19న దర్శకుడు జంధ్యాల వర్ధంతికి ఆయన మాట ‘నవ్వడం ఒక భోగం, నవ్వించడం ఒక యోగం, నవ్వలేకపోవడం ఒక రోగం’ అందరి ఫేస్‌బుక్ గోడల మీదా కనిపిస్తుంది. ప్రాస బాగుంటుంది, కాదనను. కానీ ఆయన్ని తలుచుకోవడానికి నాకు ‘సుత్తి’ చాలండి, అదే, విసిగించే వాగుడికి మనం వాడే మాట. 1982లో వచ్చిన ఆయన సినిమా ‘నాలుగు స్తంభాలాట’ ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. హాస్యనటులు వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అది ఇంటిపేరైపోయింది. వేలు అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీ నరసింహారావు అని ఎంతమందికి గుర్తు?

బోరు అనే మాట ఉండగా సుత్తి ఎందుకు అని ఒకరు అడిగారు. రెండూ ‘కొట్టేవే’ గానీ తేడా ఉంది. ‘నాకు బోరు కొడుతోంది’ అంటాం. ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఊరికే కూర్చున్నా కొడుతుంది. ‘నాకు సుత్తి కొడుతోంది’ అని ఎవరైనా అనగా విన్నారా? సుత్తికి మనిషి ఉండాలి. బోరులో తప్పు ఒకడి మీద వేయాలంటే ‘కొట్టించాడు’ అని ప్రేరణార్థకం తెచ్చుకోవాలి. సుత్తికి ఆ బాధ లేదు, నేరుగా ‘కొట్టాడు’. ‘సుత్తి పెట్టకు’, ‘సుత్తి వేశాడు’ అన్నా కర్త తప్పించుకోలేడు. వాడే ‘సుత్తిగాడు’ కూడా.

జంధ్యాల ప్రేమకథల్లో హాస్యమూ ఇలాంటిదే, మనుషుల నోటి నుంచే పుడుతుంది. ప్రేమించుకునే పిల్లలు నెమ్మదస్తులు, గోలంతా చుట్టుపక్కల వాళ్ళది. ‘శ్రీవారికి ప్రేమలేఖ’ (1984) చూడండి. పొత్తూరి విజయలక్ష్మి నవల ‘ప్రేమలేఖ’ దానికి ఆధారం. ఇంకా ఎవరో తెలియని మొగుడికి ఓ అమ్మాయి రాసిన ఉత్తరం, ఎంత సున్నితమైన ఊహ! దాని పక్కనే హాస్యనటి శ్రీలక్ష్మి. ఆవిడ సినిమా కథ చెప్పడం మొదలుపెడితే నేరుగా కథలోకి రాదు, టైటిల్స్‌లో పడే పేర్ల దగ్గర్నుంచి వరసపెట్టి చదువుతుంది. వినేవాడు లేచిపోలేడు. సుత్తి అంటే ఏమిటని కొత్తవాళ్ళు అడిగితే అర్థం చెప్పే బదులు నేను ఈ సీను లింకు పంపుతాను.

‘సుత్తి సినిమా’ అనే వాడుక మాత్రం నాకింకా తేలలేదు. అక్కడ కొట్టేది సినిమానా, తీసినవాడా? మీరేమంటారు?