అప్‌డేట్: టెక్సాస్ రైఫిల్‌తో కాలిఫోర్నియాకు

డాలస్‌లో కొన్న ఏఆర్ రకం (ఏఆర్-15 నమూనాలో చేసిన) సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో తూటా పేలేది), ఉద్యోగం మారి శాన్ హోసే వెళ్తూ తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. తీసుకొచ్చేశాను. సలహాలిచ్చిన అన్నలకు థ్యాంక్స్.

‘అక్కడికెళ్లాక మార్పించుకో’ అన్న సలహా మాత్రం ఎవరూ పాటించకండి. కాలిఫోర్నియాలో ఇలాంటి రైఫిల్‌కు కొన్ని భాగాలు ఉండకూడదు; వాటితో ఉన్నది ఉన్నట్టు సరిహద్దు దాటిస్తే అది నేరమే. అందుకే డాలస్‌లోనే గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాడు) పిస్టల్ గ్రిప్ (ట్రిగ్గర్ వెనక కిందికి ఉండే పిడి), ఫ్లాష్ హైడర్ (కాల్చినప్పుడు వచ్చే మంట వెలుగును తగ్గించే గొట్టం చివరి ముక్క) తీయించి, ముందుకూ వెనక్కూ జరిగే స్టాక్‌ను (భుజానికి ఆనించే భాగం) కదలకుండా బిగించేయించాను. గ్రిప్ స్థానంలో చేప రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క వచ్చింది. దాని చుట్టూ బొటనవేలు తిప్పలేం, అరచేతితో నొక్కిపట్టి కాల్చాలి. చిరాకే! తూటా అదే, వేగం అదే; పట్టుకునే తీరు మారితే చట్టబద్ధమట. ఈ లాజిక్ నాకింకా ఎక్కలేదు.

ముప్పై తూటాలు పట్టే మ్యాగజైన్లు (తుపాకీకి తగిలించే తూటాల పెట్టెలు) మా బావకిచ్చేశాను. ఇక్కడికి పది తూటాలకు మించి పట్టేవి తేకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు 60 రోజుల్లోగా రాష్ట్ర న్యాయశాఖకు తుపాకీ వివరాలివ్వాలి. ఆన్‌లైన్‌లో 19 డాలర్లు కట్టి ఇచ్చేశాను, టెన్షన్ తీరింది.

‘కోల్ట్ ఏఆర్-15’ లాంటివి పేరుతో సహా నిషేధిత జాబితాలో ఉన్నాయి. వాటికి ఈ మార్పులేవీ పనికిరావు. ముందు మీ తుపాకీ మీద చెక్కిన పేరు చూసుకోండి.