నదీ గట్ల మీది గ్రావెల్ దారులకు తారు వేయవద్దని మనం అడగవచ్చా?

సీతమ్మధార సవారీ:

విశాఖలో సైకిల్ తొక్కేవారిలో చాలామందికి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి రావడమే అలవాటు. నేను మూడు శీతకాలాలుగా వేరే దారులు వెతుక్కుంటున్నాను. భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీని పట్టుకుని పాండ్రంగి, పద్మనాభం వైపు వెళ్లినా, ఇటు అనకాపల్లి దిగువన శారదా నది పరిసరాల నుంచి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు దాకా వచ్చినా, ఎత్తుపల్లాలు పెద్దగా లేని నేల, వరి మళ్లు, చెరకు, తాటి తోపులు, సముద్రం దగ్గరపడేకొద్దీ సరుగుడు తోటలు కనిపిస్తాయి. తెల్లవారుజామున ఆ ఎర్రమట్టి మీద చక్రం దొర్లే చప్పుడు విన్నవారికి తారు రోడ్డు రుచించదు.

అయితే నేను వెళ్లిన ప్రతి ఏడూ ఆ దారుల్లో కొంత భాగం తారు కిందకో సిమెంటు కిందకో పోతోంది. ఇటలీలోని టస్కనీలో ఇలాగే తెల్లమట్టి దారులు అంతరించిపోతుంటే, వాటిని కాపాడాలని 1997లో ‘ఎరోయికా’ అనే సైకిల్ యాత్ర మొదలుపెట్టారు; ఆ మట్టి దారుల పేరునే పెట్టుకుని 2007 నుంచి వృత్తి సైక్లిస్టుల పోటీ కూడా జరుగుతోంది. గ్రావెల్ సైక్లింగ్‌లో, అంటే మట్టి, గులక దారుల మీద సైకిల్ తొక్కడంలో, తొలి అధికారిక ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను 2022లో నిర్వహించింది కూడా ఇటలీలోనే, వెనెటో ప్రాంతంలో. మన గట్ల మీది గ్రావెల్ దారులకు ఇకపై తారు వేయవద్దని వినతిపత్రం ఇద్దామని నా ప్రతిపాదన. ఈ సైకిల్ వేదికలోని సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

శారద ఒడ్డు:

అయ్యా, మీరు చెప్పిన దారుల్లో ఒకటి మా ఊరిది. మీరు వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో ఆదివారం ఉదయం. మాకు వానలు ఎక్కువగా పడేది అక్టోబరులో. ఆ నెలలో ఒక్కసారి వచ్చి చూడండి. ట్రాక్టరు గాడిలో నీళ్లు నిలిచి, బురద పిక్కల దాకా వస్తుంది. ఆరేళ్ల క్రితం అలాంటి ఒక రాత్రి మా అక్కకు నొప్పులు వచ్చాయి. అంబులెన్సు పెద్ద రోడ్డు మలుపు దగ్గరే ఆగిపోయింది. నులక మంచానికి రెండు వెదుళ్లు కట్టి, నలుగురం భుజాన ఎత్తుకుని, ఒకరు ముందు టార్చి పట్టుకుని నడుస్తుంటే, చెప్పులు బురదలోనే వదిలేసి మలుపు దాకా మోసుకుపోయాం. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆ దారిని అలాగే ఉంచండి అని నగరం నుంచి ఎవరైనా సంతకాలు పెడితే, వాటిని నేను ఒప్పుకోలేను. చెరకు బండి దిగబడితే దించి మళ్లీ ఎత్తుకోవలసింది మేమే.

కొమ్మాది పాతకాపు:

ఇద్దరి మాటలూ చదివాను. నేను ముప్పై ఏళ్లు గ్రామీణ రోడ్ల పనుల్లో ఉండి పదవీ విరమణ చేశాను, ఇప్పుడు సైకిల్ తొక్కుతున్నాను, కనుక ఈ విషయంలో రెండు వైపులా నాకు ప్రేమ ఉంది. సీతమ్మధార వారి ప్రతిపాదనను ఇప్పుడున్న రూపంలో నేను సమర్థించను. ఒక ఊరికి ఉన్న ఒకే ఒక్క దారిని మన వ్యాయామం కోసం మట్టిగా ఉంచమనే హక్కు మనకు లేదు. టస్కనీ ఉదాహరణ ఇక్కడ నేరుగా అతకదు. అక్కడ దారిని కాపాడమని అడిగినవారికీ, ఆ దారిలో వానాకాలం మంచం మోయవలసినవారికీ మధ్య మనకున్నంత దూరం లేదని నేను అనుకుంటున్నాను.

అయితే శారద ఒడ్డు గారు వర్ణించిన బురద గ్రావెల్ దారి దోషం కాదు, చెడగొట్టి వదిలేసిన మట్టి దారి దోషం. మన వైపు ‘గ్రావెల్’ అనే మాటను కొండవాలు తవ్వి తెచ్చిన ఎర్రమట్టికంతటికీ వాడేస్తాం. పని తెలిసినవారు చూసేది అందులో గులకరాయి ఎంత, ఇసుక ఎంత, బంకమన్ను ఎంత అని. బంకమన్ను మరీ తక్కువైతే వేసవిలో రాళ్లు లేచిపోయి దుమ్మవుతుంది, ఎక్కువైతే వానకు జారుతుంది. పాళ్లు కుదిరిన మట్టిని తడిపి, పొరలుగా రోలరుతో తొక్కించి, నడుమ ఎత్తుగా ఉండి రెండు పక్కలకూ 3.5 నుంచి 4 శాతం వాలు వచ్చేలా చేస్తే నీరు గాడిలో నిలవదు. తారు రోడ్డుకు ఇంత వాలు అవసరం లేదు. గ్రావెల్‌కు ఇదే ప్రాణం. మా రోజుల్లో ఎక్కువ పనులు చెడింది ఈ వాలు దగ్గరే. దారిని బల్లపరుపుగా చదును చేసి, చూడడానికి బాగుందని బిల్లు రాసేవారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నియమాల్లో, ‘అన్ని కాలాల్లో నడిచే దారి’ అంటే తారు రోడ్డే అయి ఉండాలని లేదు. ప్రమాణాల ప్రకారం వేసిన గ్రావెల్ దారి కూడా ఆ కోవలోకి వస్తుంది. కనుక తారా, బురదా అనే రెండు దిక్కులే ఉన్నట్టు మనం వాదించుకోనక్కరలేదు. ఊరివారు తారే కావాలంటే తారే వేయాలి, అది వారి దారి.

మనం అడగదగినవి వేరే ఉన్నాయి. కాలువల మీద, వరద కట్టల మీద తనిఖీ జీపు తిరగడానికి వదిలిన బాటలు ఉంటాయి. వాటిలో చాలా వాటి మీద ఏ ఊరూ ఆధారపడి ఉండదు. పైగా కట్ట మట్టి ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. దాని మీద తారు వేస్తే పగుళ్లు పట్టి, వాన నీరు ఆ పగుళ్లలోంచి లోపలికి దిగుతుంది. గ్రావెల్ అయితే పైన మరో పొర పోసి తొక్కిస్తే సరిపోతుంది. ఇది కట్ట మేలు కోసం చెప్పే మాట, సైకిళ్ల కోసం చెప్పేది కాదు. అందుకే అధికారుల దగ్గర నిలబడుతుంది.

మాధవధార:

అడవి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ వేదికలోనే కొందరు కంబాలకొండ లోపలి బాటల జాడలను ఫోనులో నమోదు చేసి పంచుకుంటున్నారు. అది వన్యప్రాణి అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్ల ప్రకారం అనుమతి లేకుండా ప్రవేశించకూడదు. చిరుతలు తిరిగే చోటు, పైగా కొండ అడవి. చదునైన సవారీ కోరుకునేవారికి అక్కడ పని లేదు. దయచేసి ఆ జాడలను తీసివేయండి.

శారద ఒడ్డు:

కొమ్మాది వారు చెప్పిన కాలువ బాటల మాటకు నాకు అభ్యంతరం లేదు. రెండు విషయాలు మాత్రం గుర్తు పెట్టుకోండి. కోతల తరవాత మా వాళ్లు గట్టు మీద ధాన్యం ఆరబోస్తారు. నిరుడు ఒక గుంపు ఆ ధాన్యం అంచు మీదుగా సైకిళ్లు పోనిచ్చింది; టైరు గీతల్లో గింజలు మట్టిలోకి దిగిపోతే మా పిన్ని సాయంత్రం దాకా కూర్చుని చేత్తో ఏరుకుంది. సైకిల్ దిగి నడిపించుకుపోతే ఏమీ పోయేది కాదు. రెండోది, ముప్పై మంది ఒకేసారి వస్తే పశువులు బెదిరి కాలువలోకి దూకుతాయి.

సీతమ్మధార సవారీ:

శారద ఒడ్డు గారూ, మీ అక్కగారి సంగతి చదివాక నేను రాసింది తప్పని అర్థమైంది. క్షమించండి. ఊరి దారుల ప్రస్తావన మొత్తం తీసేసి, ఎవరి ఊరికీ దారి కాని కాలువ, వరద కట్టల బాటలకు గ్రావెల్‌నే సరైన వాలుతో వేయమని మాత్రమే అడుగుతూ వినతిపత్రాన్ని తిరగరాస్తాను. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి వేరే జిల్లా అయింది కనుక శారద వైపు పత్రం అక్కడ, గోస్తనీ వైపు పత్రం విశాఖలో ఇవ్వవలసి ఉంటుంది. సంతకాలకు ముందు ఆ ఊళ్ల వారికి చదివి వినిపిస్తాను.

కొత్తగా వచ్చేవారు చాలామంది అడుగుతున్నారు కనుక టైర్ల గురించి ఒక్క మాట. ఈ దారులకు ఖరీదైన గ్రావెల్ బైకే ఉండాలని లేదు. 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు టైరు పట్టే ఏ సైకిలైనా నడుస్తుంది. గాలి ఒత్తిడి 35 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దరిదాపుల్లో, మనిషి బరువును బట్టి కాస్త అటూ ఇటూ ఉంచితే చాలు. ట్యూబులో సీలెంటు, అంటే చిల్లు పడితే దాన్ని తానే పూడ్చే ద్రవం, తప్పక పోయించుకోండి. గట్ల నిండా సర్కారు తుమ్మే. పోయిన నెల పాండ్రంగి దాటాక నా వెనక టైరులో అంగుళం ముల్లు దిగితే, దాన్ని పీకిన చోట తెల్లటి నురగ ఉబికి, చక్రాన్ని రెండు చుట్లు తిప్పేసరికి ఆగిపోయింది. సీలెంటు లేని మిత్రుడు మూడు కిలోమీటర్లు నడిచాడు. పది దాటితే సముద్రపు గాలి ఎదురు తిరుగుతుంది కనుక వెళ్లేటప్పుడే సముద్రం వైపు వెళ్లి, గాలిని వీపున పెట్టుకుని తిరిగి రండి.

ధాన్యం ఆరబోసే వారాల్లో ఏ గట్టుకు వెళ్లకూడదో శారద ఒడ్డు గారు చెబితే, ఆ భాగాన్ని మ్యాపులోంచి అప్పటికి తీసేస్తాను. గుంపుకు ఆరుగురికి మించి వద్దు.

శారద ఒడ్డు:

మా గట్టు మీద సంక్రాంతి దాటి రెండు వారాల దాకా రావద్దు. ఆ తరవాత రండి. వచ్చే ముందు ఇక్కడ రాస్తే, ఆ వారం కాలువ పని ఏమైనా జరుగుతోందా లేదా చూసి చెబుతాను.