ఇంట్లో కన్నుమూసిన వారి కిడ్నీలు దానానికి పనికివస్తాయా?

దేవరకొండ వాసి:
మా పెద్దబాపు ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకుని, తన కిడ్నీలు ఎవరికైనా ఇవ్వాలని ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచారు. ఆయన ఊళ్లోనే, ఇంట్లోనే కన్నుమూస్తే హైదరాబాద్ నుంచి డాక్టర్లు వస్తారా, లేక మేమే నల్లగొండకు తీసుకెళ్లాలా? గుండె కొట్టుకుంటుండగానే అవయవాలు తీస్తారని పెద్దమ్మ భయపడుతున్నారు. ఆమెకు ఏమని చెప్పాలి?

ఐసీయూ నర్సు:
ఇంట్లో గుండె ఆగిన వారి కిడ్నీలు పనికిరావండీ. రక్తప్రసరణ నిలిచిన కొద్దిసేపటికే అవి చెడిపోతాయి. కళ్లు మాత్రం ఆరు గంటలలోపు ఇవ్వవచ్చు కనుక, రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి.

మరణానంతరం కిడ్నీలు తీసేది, దాదాపుగా ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉండి బ్రెయిన్ డెత్ (మెదడు పూర్తిగా, శాశ్వతంగా పనిచేయడం ఆగిపోవడం) నిర్ధారణ అయిన వారి నుంచే. గుండె కొట్టుకుంటున్నది నిజమే కానీ, ఊపిరి యంత్రానిది. నలుగురు డాక్టర్లు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షిస్తారు. మార్పిడి చేసే బృందంలోని వారెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు. సొంతంగా ఊపిరి తీసుకోగలరా అని చూసే అప్నియా పరీక్షలో ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తప్పించి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా ఛాతీ ఒక్కసారైనా కదులుతుందేమోనని దుప్పటి తొలగించి మరీ చూస్తాం. పెద్దమ్మ గారికి ఈ ఒక్క పరీక్ష గురించి నిదానంగా చెప్పండి, చాలావరకు భయం తీరుతుంది.

మిర్యాలగూడ న్యాయవాది:
దాతగా నమోదైన కార్డు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ సమయానికి దగ్గరి బంధువులు సంతకం చేయకపోతే ఆసుపత్రి ముందుకు వెళ్లదు. కాబట్టి మీ పెద్దబాపు ఇంట్లో చెప్పి ఉంచడమే అసలైన పని. విజయవాడ హైవే మీద జరిగే ప్రమాదాల వంటి పోలీసు కేసుల్లోనూ, పోస్టుమార్టం ఉన్నంత మాత్రాన దానం ఆగిపోదు. పోలీసులకు తెలియజేసి అనుమతులు తీసుకుంటారు. అవయవానికి డబ్బు అడిగినా, ఇవ్వజూపినా నేరమే.

మహబూబ్‌నగర్ నుంచి, డయాలసిస్‌లో ఉన్నవాడిని:
తీసిన కిడ్నీలను చల్లని ద్రావణంతో కడిగి, సంచుల్లో కట్టి, మంచు పెట్టెలో ఉంచుతారని మా డాక్టరు చెప్పారు. గుండెకు నాలుగైదు గంటలకు మించి వ్యవధి ఉండదు. కిడ్నీ సుమారు ఒక రోజు ఆగగలదు. అయినా ఆలస్యమైన కొద్దీ అది ఆలస్యంగా పనిచేయడం మొదలుపెడుతుందట. బ్లడ్ గ్రూపు కలిసి పిలుపు వచ్చినా, క్రాస్‌మ్యాచ్ (దాత కణాలను మా రక్తం తిప్పికొడుతుందా అని చూసే పరీక్ష) కుదరకపోతే వెనక్కి రావలసిందే. అందుకే మాలాంటి వాళ్లం రాత్రిపూట కూడా ఫోన్ ఆపకుండా పెట్టుకుంటాం.